చెంచాడు నెయ్యి

ఈపూరు,
18-6-1984

తమ్ముడు బ్రహ్మయ్యకు,

నేనూ నా కూతురు తిరపతమ్మా బాగానే ఉన్నాము. బాగాలేనిది నీ పెళ్ళాం సంగతే. అందుకే కార్డు మానేసి కవరు తెప్పించాను. కార్డు మీద రాస్తే పోస్టుమాను తను చదువుకుని, ఆపైన ఊరందరికీ చదివి వినిపిస్తాడు.

కోటేశ్వరికి నడుం చుట్టూ మచ్చలు లేచాయి. రూపాయి బిళ్ళంత గుండ్రాలు, అంచులు ఎర్రగా ఉబ్బి, నడుమ పొట్టు రాలుతూ. ఉగాదికి నువ్వు వచ్చి పోయిన పదిహేను రోజులకు చీర కుచ్చెళ్ళ దగ్గర ఒకటి కనపడింది. చెమటపొక్కేమో అనుకున్నాను. ఇప్పుడు వీపెక్కింది, మెడ కిందికి వచ్చింది. పొద్దస్తమానం గోకుతూనే ఉంటుంది. పత్తిగింజలు పెట్టడానికి పోతే కూలి మనుషులు దాని పక్క సాలు పట్టేది లేదన్నారు. నేనేం చెయ్యను? కంచం వేరు చేశాను, కడవ వేరు చేశాను.

పైన పటారం లోన లొటారం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఎర్రగా ఉందని కోరి చేసుకున్నావు. అమ్మ పోయేనాటికి నీకు ఏడేళ్ళు. నా మొగుడు పోయి పుట్టింటికి వచ్చినదాన్ని, చంకన పిల్లనూ వెనక నిన్నూ పెట్టుకుని సాకాను. మేనమామకే ఇవ్వాలని పుట్టిననాడే అనుకున్న పిల్ల నా తిరపతమ్మ. నల్లగా ఉందని నీకు నచ్చలేదు. ఆ నల్లటి ఒంటి మీద ఒక్క మచ్చ చూపించు, చూద్దాం.

సరే, అయిందేదో అయింది. బస్సులో టిక్కెట్లు ఎప్పుడైనా కొట్టవచ్చు. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి దీన్ని ఎక్కడైనా చూపించు.

నీ అక్క,
సుబ్బరత్నం

మాచర్ల,
9-7-1984

అక్కకు నమస్కారాలు.

నరసరావుపేటలో డాక్టరుకు చూపించి ఆమెను ఇంటి దగ్గర దింపి వచ్చాను గదా, బస్సు వేళయిందని నీకు అన్నీ వివరంగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. దయచేసి శ్రద్ధగా చదువు.

ఇది తామర. పెద్దరోగం, అంటే కుష్ఠు, కాదు. డాక్టరు సూదితో గుచ్చి చూశాడు, ఆమెకు నొప్పి తెలిసింది. పెద్దరోగమైతే తెలియదట. మచ్చ అంచున పొట్టు గీకి అద్దంముక్క మీద వేసి యంత్రంలో చూశాడు. ఊరగాయ జాడీలో తడి తగిలితే బూజు పట్టదా, అలాంటి బూజే మనిషి చర్మం మీద పడుతుందన్నాడు. ఆ మాట చీటీ మీద కూడా రాసిచ్చాడు. అది నా దగ్గర ఉంది.

ఇచ్చిన మాత్ర పేరు గ్రిసియోఫల్విన్. అది బూజును ఒక్కపెట్టున చంపదు. కొత్తగా పుట్టే చర్మంలో చేరి, దాంట్లోకి బూజును ఎక్కనివ్వదు. పాత చర్మం పొట్టుపొట్టుగా రాలిపోయేదాకా మింగుతూనే ఉండాలి. ఆరు వారాలు, ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఒక్కరోజు కూడా మానకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. ఆ మాత్ర ఉత్త నీళ్ళతో మింగితే ఒంటికి పట్టదు, వచ్చిన దారినే పోతుంది. కొవ్వు కలిస్తేనే పేగులు దాన్ని లోపలికి తీసుకుంటాయి. అన్నంలో చెంచాడు నెయ్యి వేసి, ఆ ముద్ద తినగానే మాత్ర. రెండు పూటలా. డాక్టరు ఈ ముక్క మూడుసార్లు చెప్పాడు. ఆమె పుట్టింటివాళ్ళు అరణంగా ఇచ్చిన గేదె ఇంట్లోనే ఉంది, నెయ్యికి కొదవ లేదు.

మండే తెల్లటి పూతమందు కూడా పంపుతున్నాను. ఆమె చీరలూ దుప్పట్లూ నీళ్ళలో మరగబెట్టి ఎండలో వేయాలి. బూజు గింజలు గుడ్డల్లో నెలల తరబడి దాక్కుంటాయట.

భయపడవద్దు. మా డిపోలో జబ్బార్ అనే కండక్టరుకు సంచీ పట్టీ కింద ఇదే లేచింది. ఆరు వారాలు మింగాడు. మెస్సులో చెప్పి రోజూ నెయ్యి వేయించుకున్నాడు. ఇప్పుడు వెతికినా మచ్చ కనపడదు.

మందులు వినుకొండ బస్సు డ్రైవరు సుభానీ తెచ్చి ఇస్తాడు. అంతా నీ చేతుల్లో ఉంది అక్కా.

బ్రహ్మయ్య

ఈపూరు,
20-8-1984

తమ్ముడు బ్రహ్మయ్యకు,

సుభానీ మాత్రలు తెచ్చి ఇచ్చాడు. పూట తప్పకుండా నా చేత్తోనే ఇస్తున్నాను. అది మింగి నోరు తెరిచి చూపించేదాకా కదలను. రేపు ఎవరూ నన్ను అనడానికి లేకుండా పథ్యం కూడా గట్టిగా పెట్టాను. ఉప్పు లేదు, పులుపు లేదు, కారం లేదు. చప్పిడి జొన్నకూడు, కాచి చల్లార్చిన నీళ్ళు. కన్నతల్లి కూడా ఇంత పథ్యం పెట్టలేదని బజారంతా నన్ను మెచ్చుకుంటున్నది.

అయినా తగ్గితేనా. మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసి వీపంతా పటం గీసినట్టు ఉంది. నీ పూతమందు ఒట్టి సున్నం. మంత్రసాని కరుణమ్మ జీడి పెట్టమన్నది. నల్లజీడిగింజ కాల్చి, ఆ కారే రసం మచ్చ మచ్చకీ నేనే అంటించాను. తిరపతమ్మ చేతులు పట్టుకున్నది. ఓర్చుకోవే, నీ మంచికే అన్నాను. ఊరు లేచిపోయేట్టు అరిచింది. బొబ్బలు లేచి చితికి, చుట్టూ నల్లగా మాడింది. కాల్చిన చోట కాలింది గానీ పక్కనే కొత్తది లేచింది.

ఇంట్లో పెళ్ళికావాల్సిన పిల్ల ఉంది నాకు. అందుకని గేదెను బయట పందిరి కిందికి మార్చి, దీన్ని గొడ్లచావిట్లో ఆ గుంజ దగ్గర పడుకోబెట్టాను. చోటు బాగానే ఉంది, గాలి వస్తుంది. కూడు పైనుంచి పోస్తాను, గిన్నెకు గిన్నె తగలనివ్వను. నా పుట్టింటి గేదె అని దాని మెడ కౌగిలించుకుని ఏడుస్తుంటే అదీ మాన్పించాను. ఇప్పుడు తిరపతమ్మే పిండుతున్నది. వెన్న బాగా పడుతున్నది.

ఉత్తరం రాస్తానని కవరు అడిగింది. ఆ చేత్తో ముట్టుకున్న కాగితం నీ చేతికి రావడం ఎందుకని ఇవ్వలేదు. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత. నువ్వు దిగులుపెట్టుకోకు, వేళకు తిను.

నీ అక్క,
సుబ్బరత్నం

మాచర్ల,
2-9-1984

అక్కకు,

ఉత్తరం అందింది. ఉప్పూ పులుపూ మాన్పించమని డాక్టరు చెప్పలేదు. అది మన ఊరి పథ్యం. పోనీ, దానివల్ల నష్టం లేదు. కానీ నువ్వు రెండు పేజీలు రాసి నెయ్యి మాట ఒక్కచోట కూడా రాయలేదు. వేస్తున్నావా? పథ్యం పేరుతో అదీ మాన్పించావా? సరిగా మింగితే ఈ మందు పనిచేయకపోవడం అంటూ ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు.

జీడి ఇక పెట్టవద్దు. మళ్ళీ నలభై రోజులకు మాత్రలు పంపుతున్నాను.

ఇక్కడికే తెచ్చుకుందామంటే ఒక్క గదిలో ముగ్గురం ఉంటున్నాము. క్వార్టరు కోసం అర్జీ పెట్టాను. దసరాకు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

బ్రహ్మయ్య

ఈపూరు,
15-10-1984

తమ్ముడు బ్రహ్మయ్యకు,

పండక్కి వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళావు. నా కడుపు నిండింది. నీకు నెయ్యి పోసిన పప్పన్నమంటే చిన్నప్పటి నుంచి ప్రాణం. తిరపతమ్మ వడ్డిస్తుంటే వద్దనకుండా తిన్నావు, నేను చూశాను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఉత్తరంలో నెయ్యి నెయ్యి అని పలవరించావే, ఎదురుగా ఉన్న రెండు రోజుల్లో ఒక్కసారైనా నోరు విప్పావా? చావిడి పక్కనుంచి పోయావు, అటు చూశావు. అది లేచి నిలబడింది. నువ్వు వచ్చి పీట మీద కూర్చున్నావు. నీ మనసు నాకు తెలియదా? ఎత్తుకుని పెంచినదాన్ని. కాగితం మీద అడిగేది ధర్మం కోసం, అంతే గదా. వేశాననుకో, వెయ్యలేదనుకో, తగ్గే రోగమైతే ఈపాటికి తగ్గదా?

ఊరు పెద్దరోగం అంటున్నది. నేను అనలేదు. అడిగినవాళ్ళకు కాదనీ చెప్పలేదు. దానితో ఉండనూ లేక, వదలనూ లేక నువ్వు ఎన్నాళ్ళు మెస్సుకూడు తింటావు? పెద్దమనుషుల్లో పెడదాం. వాళ్ళ నాన్న సాంబయ్యకు అచ్చంపేట కబురు చేస్తాను. నువ్వు ఊఁ అను చాలు, మిగతా పాపం నేను మోస్తాను.

నీ అక్క,
సుబ్బరత్నం

మాచర్ల,
11-11-1984

అక్కకు,

నీ ఇష్టం. పెద్దమనుషులను ఏ ఆదివారం పిలిపించినా వస్తాను. నన్ను ఎక్కువ మాట్లాడించవద్దని వాళ్ళకు ముందే చెప్పు.

ఆమెను చావిట్లోనుంచి మార్చు, చలికాలం వచ్చింది. మార్చడానికి వీలుకాకపోతే ఒక దుప్పటి అయినా ఇవ్వు.

క్వార్టరు సంక్రాంతి తర్వాత వస్తుందంటున్నారు.

బ్రహ్మయ్య

ఈపూరు,
24-2-1985

తమ్ముడు బ్రహ్మయ్యకు,

శివరాత్రికి కోటప్పకొండ పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. మొక్కు ఏమిటో నీకు చెప్పనక్కరలేదు.

పెద్దమనుషులు తీర్పు చెప్పగానే నువ్వు బస్సు దొరకదని వెళ్ళిపోయావు గానీ, ఆ తర్వాత పని అంతా నా మీదే పడింది. కాగితం రాయించాము. ఐదు చదివిన పిల్ల కదా, గుండ్రంగా సంతకం పెట్టింది. తెగతెంపులు అయినట్టే, రెండో పెళ్ళి చేసుకున్నా నీ ఉద్యోగానికి ఢోకా లేదు. సాంబయ్య ఏడ్చాడు. అది మాత్రం ఏడవలేదు. నువ్వు గమనించావో లేదో, పెద్దమనుషులు ఇది పెద్దరోగమేనా అని నిన్ను అడిగినప్పుడు అది నీ మొహం వైపు కూడా చూడలేదు. నీ భుజం వైపే చూస్తూ నిలబడింది. ఏం చూసిందో దాని కర్మ.

బస్సులో దాని పక్కన కూర్చునేది లేదన్నారు అందరూ. ఆ సుభానీ దాన్ని ముందుకు పిలిచి తన పక్కన ఇంజను పెట్టె మీద కూర్చోబెట్టుకున్నాడు. టిక్కెట్టు కూడా వాడే కొన్నాడట.

సామాను తీసుకుపొమ్మన్నాను. ఒక్క చీరల మూట తీసుకుంది. వాళ్ళమ్మ కుట్టించి ఇచ్చిన దూది పరుపు, రెండు నేత దుప్పట్లు ఇక్కడే ఉన్నాయి. మంచి సరుకు, పారేస్తామా? గేదె చూలుతో ఉన్నదనీ, ఈనిన తర్వాత చూద్దామనీ చెప్పాను. వాళ్ళు అడిగినప్పుడు చూసుకుందాం.

వైశాఖంలో ముహూర్తం ఉన్నది. క్వార్టరు చేతికొచ్చిందని రాశావు. చూశావా, దేవుడు ఎవరికోసం ఆపాడో! పరుపూ దుప్పట్లూ తిరపతమ్మతో మాచర్ల పంపుతాను. కొత్తవి కొనే పని లేదు.

నీ అక్క,
సుబ్బరత్నం

ఈపూరు,
21-8-1985

అల్లుడివి కూడా అయిన తమ్ముడు బ్రహ్మయ్యకు,

ఆషాఢానికి వచ్చిన తిరపతమ్మను ఇంకా పంపలేదని కోపంగా ఉన్నావేమో. కారణం ఉంది. ముందు ఇక్కడ జరిగిన దౌర్జన్యం విను.

పోయిన సోమవారం కోటేశ్వరి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. నేను మొదట గుర్తుపట్టలేదు. ఒళ్ళు నున్నగా ఉన్నది. మెడ మీద లేదు, నడుం మీద లేదు. జీడి పెట్టిన చోట నల్లటి చారలు తప్ప ఏమీ లేవు. పుట్టింటికి పోయాక అదే డాక్టరు దగ్గరికి పోయిందట. ఆయన దీన్ని అడిగింది ఒక్కటే మాటట, నెయ్యితో మింగావా అని. ఏడు వారాల్లో మానిందని సాంబయ్య వీధిలో నిలబడి, నలుగురూ వినేట్టు చెప్పాడు. అది తిన్నగా పందిరి కిందికి పోయి గేదెనూ దూడనూ విప్పుకుని నడిచింది. నేను అడ్డం పోతే ఊరు నన్నే తప్పుపట్టింది. మొన్నటిదాకా నా పథ్యాన్ని మెచ్చుకున్న ఊరే ఇది. గొడ్డు పోయింది, పాడీ పోయింది.

ఇక అసలు సంగతి. తిరపతమ్మ నడుం మీద, చీర కుచ్చెళ్ళ దగ్గర రూపాయి బిళ్ళంత మచ్చ లేచింది. నిన్నటికి మూడు అయ్యాయి. ఆ పరుపూ దుప్పట్లూ మరగబెట్టకుండా పంపడం నాదే పొరపాటు, ఒప్పుకుంటాను. నల్లటి ఒళ్ళు, ఎవరికీ ఇంకా కనపడలేదు. తలుపు వేసి కూర్చోబెట్టాను. ఊరికి తెలిస్తే ఆ దిక్కుమాలిన పేరే దీనికీ పెడతారు. నా బిడ్డ గొంతు కోసినట్టవుతుంది.

ఆ మాత్రలు వెంటనే పంపు. జీడి పెట్టే దమ్ము నాకు లేదు, అది మండితే ఎలా ఉంటుందో చూశాను. ఇంట్లో నెయ్యి చుక్క లేదు. నెయ్యి లేకపోతే ఆ మాత్ర పట్టదని రాశావు గదా, అందుకని మంచి నెయ్యి ఒక డబ్బా కూడా పంపు. పూటకు ఒక చెంచానా రెండా, ఆ డాక్టరు ఎంత చెప్పాడో ఆ లెక్క సరిగ్గా రాయి.

నీ అక్క,
సుబ్బరత్నం

మాచర్ల,
1-9-1985

అక్కకు,

మాత్రలూ నెయ్యీ వేరే డ్రైవరు తెస్తాడు. మన ఇంటి మందులు ఇక మొయ్యనని సుభానీ చెప్పాడు.

నువ్వు నెయ్యి లెక్క అడిగిన చోట ఆగి రెండుసార్లు చదివాను. నీ మీద కోపం రావాలి. రాలేదు. నువ్వు నెయ్యి వెయ్యలేదన్నది నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు.

జబ్బార్‌కు తామర ఎప్పుడూ రాలేదు. వచ్చింది నాకు. కిందటేడు మాఘంలో, సంచీ పట్టీ ఒరుసుకునే చోట కుడిభుజం మీద మొదలై, బెల్టు దాకా దిగింది. ఉగాదికి ఇంటికి వచ్చిననాటికి నిండుగా ఉన్నది. ఆమెకు అంటించింది నేనే. తిరిగి వచ్చి ఇక్కడ చూపించుకుని, మెస్సులో నెయ్యి వేయించుకుని ఆరు వారాలు మింగాను. నువ్వు మొదటి ఉత్తరం రాసేనాటికి నా ఒళ్ళు శుభ్రంగా ఉన్నది. ఇప్పుడు తిరపతమ్మకు నీ దుప్పట్లనుంచి వచ్చిందో, నేను మార్చకుండా వాడుతున్న ఆ పట్టీ నుంచే వచ్చిందో నాకు తెలియదు.

మందు పనిచేస్తుందని తెలుసు కాబట్టి, తగ్గలేదని నువ్వు రాసిననాడే నెయ్యి పడటం లేదని అర్థమైంది. దసరాకు చావిడి పక్కనుంచి పోతూ ఆమె గిన్నెలోకి చూశాను. పొడి జొన్నకూడు. నువ్వు కేకేస్తే వచ్చి కూర్చున్నాను. ఆమె గేదె నెయ్యి నా కంచంలో పడింది. రెండోసారి కూడా వేయించుకున్నాను.

పెద్దమనుషులు పెద్దరోగమా అని అడిగినప్పుడు డాక్టరు చీటీ నా చొక్కాజేబులో ఉన్నది. తీస్తే నాకు వచ్చిన సంగతి కూడా బయటపడుతుంది, ఆమెను వెంటబెట్టుకుని మాచర్ల రావాల్సి వస్తుంది. తలదించుకుని కూర్చున్నాను. నువ్వు చేసిన ప్రతి పనీ నా పని తేలిక చేసింది అక్కా. నిన్ను ఒక్క మాట అనే యోగ్యత నాకు లేదు.

మొన్న సెలవునాడు అచ్చంపేట వెళ్ళాను. నెయ్యి మాచర్ల కొట్లలోనూ దొరుకుతుంది. ఖాళీ డబ్బా పట్టుకుపోయింది ఆమె గడప దగ్గర నిలబడడానికి ఒక సాకు కావాలని. తప్పంతా చెప్పుకుని కాళ్ళ మీద పడాలనుకున్నాను. ఆమె మజ్జిగ చేస్తున్నది. కవ్వం ఆపలేదు. నా మచ్చ సంగతి మొదలుపెట్టబోతే తనే అన్నది.

"నీ భుజం మీద అది ముందు చూసింది నేనే. చెప్తే వదిన నిన్ను కూడా చావిట్లో పడేసిద్దని నోరు మూసుకున్నా."

ఆ ఎనిమిది నెలలూ, జీడి పెట్టిననాడు కూడా, ఆ మాట ఆమె నోట్లోనే ఉన్నది. చేతిలో డబ్బా చూసి ఎవరికని అడిగింది. తిరపతమ్మకని చెప్పాను. లోపలికి పోయి నెయ్యి గిన్నె తెచ్చింది. డబ్బా చాచాను. గిన్నె అంచు డబ్బాకు తగలకుండా, మూరెడు పైనుంచి పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు.

ఆ డబ్బానే పంపుతున్నాను. పూటకు ఒక చెంచా చాలు.

బ్రహ్మయ్య